టెక్సస్‌లో గరిక సాగు

నేను డాలస్‌లో దిగిన మర్నాడు పొద్దున్నే, కాఫీ కప్పు చేతిలో పట్టుకుని మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఒరేయ్ చిన్నోడా, ఆ పక్కింటాయన ఇంటి గోడకి నీళ్లు పెడతన్నాడేందిరా?"

నిజమే. పక్కింటి అమెరికన్ పెద్దమనిషి ఇంటి చుట్టూ, గోడకి ఓ అడుగున్నర దూరంలో చిల్లుల నల్ల పైపు పరుస్తున్నాడు. అక్కడ మొక్కల్లేవు, పూల కుండీల్లేవు, ఉత్త మట్టే. దాన్ని తడుపుతున్నాడు.

నాకూ అర్థం కాలేదు. ఫోన్‌లో వెతికాను. చదివిందే చెప్పాను: "నాన్నా, ఇక్కడి మట్టి ఎండితే ముడుచుకుపోతుందట, తడిస్తే ఉబ్బుతుందట. పునాది పగలకుండా ఎండాకాలం ఇంటికి నీళ్లు పెడతారట."

నాన్న కప్పు కింద పెట్టి, చెప్పుల్లేకుండా మా అక్కవాళ్ల పెరట్లోకి నడిచాడు. పిడికెడు మట్టి తీసి, కాస్త నీళ్లు చిలకరించి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రిబ్బన్‌లా సాగదీశాడు. తెగలేదు.

"ఇది మన నల్లరేగడే కదరా!"

పాస్‌పోర్ట్ మీద స్టాంపు వేయించుకుని, ఇరవై గంటలకి పైగా ప్రయాణం చేసి వచ్చినాయన, పల్నాడులో సొంత చేలో నిలబడ్డట్టు నిలబడ్డాడు అక్కడ.

ముందు మా సంగతి కాస్త చెప్పాలి. అక్కకి రెండో కాన్పు. అమ్మ అందుకని మార్చిలోనే వచ్చింది, తోడుగా నాన్న వచ్చాడు. నేను హైదరాబాద్ నుంచి మూడు నెలల ప్రాజెక్టు పని మీద ఏప్రిల్ ఆఖర్లో వెళ్లాను. అమ్మకి ఊపిరి సలపనంత పని. నాన్నకి గంటలు గంటలు ఖాళీ. ఊళ్లో నాలుగెకరాల పత్తి చేను జీవితంలో మొదటిసారి కౌలుకి ఇచ్చి వచ్చాడు. వయసు 64. ఆ పొలం అమ్మేయమని ఆయన్ని ఒప్పించాలని నేనూ అక్కా ఫోన్లలో ముందే అనుకున్నాం. "నువ్వు వచ్చాక నువ్వే అడుగు" అని ఆ పని నా నెత్తిన పెట్టింది అక్క. ఇది గుర్తుపెట్టుకోండి.

అక్కవాళ్ల ఇల్లు సెలీనాలో. డాలస్ నుంచి ఉత్తరంగా ఫ్రిస్కో, ప్రాస్పర్ దాటాక వస్తుంది. ఫ్రిస్కో అంటే మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కార్యసిద్ధి హనుమాన్ గుడి, దోసెల హోటళ్లు, పార్కుల్లో వినపడే తెలుగు. ఇళ్ల రేట్లు పెరిగేకొద్దీ మన జనం ఉత్తరానికి జరుగుతూ సెలీనా దాకా వచ్చారు. ఒకవైపు గుర్రాలు మేస్తున్న పొలం, ఇంకోవైపు ఒకేలా ఉన్న రెండొందల కొత్త ఇళ్లు. మధ్యలో ప్రెస్టన్ రోడ్. ఒకప్పుడు పశువుల మందల్ని ఉత్తరానికి తోలుకెళ్లిన షానీ ట్రయల్ దారి మీదే ఆ రోడ్డు పడిందని చదివాను. ఇప్పుడు దాని మీద టెస్లాలు తోలుతున్నారు.

ఈ నేలకి ఓ పేరుంది, బ్లాక్‌లాండ్ ప్రెయిరీ. ఉత్తరాన రెడ్ రివర్ దగ్గర మొదలై దక్షిణాన శాన్ ఆంటోనియో దాకా పోయే నల్లమట్టి పట్టీ. మట్టి శాస్త్రవేత్తలు ఈ రకం నేలల్ని వెర్టిసాల్స్ అంటారు. మన దక్కన్ నల్లరేగడి కూడా అదే కుటుంబం. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, పైమట్టి ఆ నెర్రెల్లోకి రాలుతుంది, వానకి మళ్లీ ఉబ్బుతుంది. అలా తనని తనే తిరగేసుకుంటుంది కాబట్టి, లాటిన్‌లో తిప్పడం అనే మాట నుంచి ఆ పేరు పెట్టారు. టెక్సస్‌కి రాష్ట్ర పక్షి, రాష్ట్ర పువ్వు ఉన్నట్టే, అధికారికంగా కాకపోయినా రాష్ట్ర మట్టిగా చెప్పుకునేది కూడా ఒకటుంది. దాని పేరు హ్యూస్టన్ బ్లాక్. ఒకప్పుడు ఇదంతా నిలువెత్తు గడ్డి మైదానం. తర్వాత దాన్ని దున్ని పత్తి వేశారు. అసలు మైదానంలో ఇప్పుడు ఒక్క శాతం కూడా మిగల్లేదు.

ఇక్కడ పత్తి పండేదని చెప్పగానే నాన్న ముఖం చూడాలి. "మరి! రేగడిలో పత్తి కాక ఇంకేం వేస్తారు?" అన్నాడు, సొంత అన్నదమ్ముల కబురు విన్నట్టు.

సరే, అసలు కథ పెరడుది.

బావ కొన్న స్థలం ఎకరంలో మూడో వంతు. మన లెక్కలో 33 సెంట్లు. ముందువైపు బిల్డరే గడ్డి చాపలు పరిచి ఇచ్చాడు. వెనక సుమారు 8,000 చదరపు అడుగులు బోడిగా వదిలేశాడు. కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: 60 రోజుల్లో పెరడు పచ్చగా చేయాలి, లేకపోతే జరిమానా. అమెరికాలో సొంతిల్లు అంటే ఎవరి మాటా వినక్కర్లేదని అనుకునేవాణ్ని.

గడ్డి చాపలు పరిపిస్తే 7,000 డాలర్ల పైన అన్నారు. హైడ్రోమల్చ్ అయితే 1,100. అంత తేడా ఉంటే ఏ తెలుగువాడైనా ఏది ఎంచుకుంటాడు?

హైడ్రోసీడింగ్ అన్నా, టెక్సస్‌వాళ్లు హైడ్రోమల్చ్ అన్నా దాదాపు ఒకటే. గడ్డి విత్తనం, కలప పీచు, ఎరువు, జిగురు, నీళ్లు ఒక పెద్ద ట్యాంకులో కలిపి, ఫైరింజను గొట్టంతో కొట్టినట్టు నేల మీద కొడతారు. ఆకుపచ్చ రంగు కూడా కలుపుతారు. అది గడ్డి కోసం కాదు, ఎక్కడ కొట్టామో ఎక్కడ మిగిలిందో కనపడటానికి. తడి పీచు దుప్పటిలా కప్పుకుని విత్తనాన్ని ఎండ నుంచి, పిట్టల నుంచి కాపాడుతుంది. ఈ పద్ధతి పుట్టింది ఇళ్ల కోసం కాదు. 20వ శతాబ్దం మధ్యలో అమెరికాలో పెద్ద రోడ్లు వేస్తున్నప్పుడు, మనిషి ఎక్కి విత్తనం చల్లలేని కట్టల వాలుల మీద గడ్డి మొలిపించడానికి కనెక్టికట్ హైవే శాఖ లాంటివి మొదలుపెట్టాయి.

కొట్టించే ముందు రోజు నాన్న ఒక మాట అన్నాడు. వరండా పక్కన, వారం కింద పడ్డ వాన నీళ్లు ఇంకా మడుగులా ఉన్నాయి. దాన్ని చూపించి, "అల్లుడుగారూ, నీళ్లు ఇంటి మీదికే వస్తన్నయ్. ముందు వాటికి దారి చూడాల" అన్నాడు.

బావ చాలా మర్యాదగా నవ్వాడు. "మావయ్యా, ఇక్కడ అన్నీ ప్లాన్ ప్రకారం కడతారు. సిటీవాళ్లు వచ్చి చెక్ చేస్తారు. మీరేం కంగారు పడకండి."

దాచడం ఎందుకు, నేనూ బావ పక్షమే. ఇద్దరం ఇంజినీరింగ్ చదివాం. ఇద్దరం టెస్ట్ చేయకుండా కోడ్‌ని లైవ్‌లోకి తోయకూడదని జూనియర్లకి చెప్పేవాళ్లం.

మే మొదటి వారంలో ట్రక్కు వచ్చి కొట్టి వెళ్లింది. పెరడంతా చిలకపచ్చ. అక్క ఫోటో తీసి స్టేటస్ పెట్టింది. నాలుగో రాత్రి ఉత్తర టెక్సస్ తరహా గాలివాన. కిటికీ అద్దాలు ఊగాయి, సెల్‌ఫోన్లన్నీ ఒక్కసారిగా హెచ్చరికలు మోగించాయి. తెల్లారి చూస్తే పెరడు మళ్లీ నల్లగా ఉంది. పచ్చదనం మొత్తం వరండా అంచున, తడిసిన పేపరు ముద్దలా, జానెడు మందాన పేరుకుని ఉంది. 1,100 డాలర్ల గరిక ఒకే మూల.

అవును, గరికే. ఈ విషయం చెప్పడం ఆలస్యం చేశాను. దక్షిణ అమెరికా రాష్ట్రాల్లో జనం ఎక్కువగా పెంచే లాన్ గడ్డి పేరు బెర్ముడా గ్రాస్. శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. మన గరిక. వినాయక చవితికి రెండు పోచలు పెట్టే దూర్వా అదే, పత్తి చేలో కూలి ఇచ్చి పీకించే కలుపూ అదే. బెర్ముడా దీవులది కూడా కాదది, పేరు అలా అంటుకుంది. కొట్టు మీద బస్తా బొమ్మ చూసి గుర్తుపట్టిన నాన్న ఐదు నిమిషాలు నవ్వాడు. "నలభై ఏళ్లు దీన్ని చంపడానికే బతికానురా నేను. ఇక్కడ డబ్బులిచ్చి నాటిస్తన్నారా!"

ఆ పొద్దున మాత్రం నవ్వలేదు. బావ వైపు చూడను కూడా లేదు. నాన్నలో నాకు బాగా నచ్చే గుణం అది, నేను చెప్పానుగా అని చచ్చినా అనడు.

రెండ్రోజులకి మళ్లీ వాన. బావా నేనూ లోపల ల్యాప్‌టాప్‌ల ముందు ఉన్నాం. చూస్తే నాన్న లుంగీ ఎగ్గట్టి, అక్క గులాబీ రంగు గొడుగు పట్టుకుని పెరట్లో నడుస్తున్నాడు. ఊరికే తిరగడం కాదు. ఒక నీటి పాయ పట్టుకుని అది ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతున్నాడు. ఆగిన చోట ఒక రాయి పెడుతున్నాడు. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆ నీటినే అడుగుతున్నాడు. గంటకి పైగా అలా తిరిగి, తడిసి లోపలికొచ్చి, "రండి, చూపిస్తా" అన్నాడు.

మా భాషలో చెప్పాలంటే, మేం లోపల కూర్చుని లాగ్స్ చదువుతుంటే ఆయన బయట లైవ్‌లో డీబగ్ చేశాడు.

జరిగింది ఇదీ. స్థలం వెనక ఎత్తు, ఇల్లు పల్లం, ఇంటి ముందు వీధి ఇంకా పల్లం. వెనక నుంచి వచ్చే నీళ్లు ఇంటిని తాకకుండా మధ్యలోనే అడ్డుకుని, ఇంటి పక్కగా వీధిలోకి తీసుకెళ్లడానికి వెడల్పాటి లోతులేని కాలవ లాంటి పల్లం ఉండాలి. దాన్ని స్వేల్ అంటారు. బిల్డర్ దాన్ని వదిలాడు. ప్లాన్‌లో ఉంది. మూసేసింది మేమే. బావ వరండా పెద్దది చేయించినప్పుడు తవ్విన మట్టిని ఆ పనివాళ్లు వెనక పల్లంలో సర్దేశారు. కంచె వేసినవాళ్లు గుంటల మట్టిని పక్క పల్లంలో పరిచేశారు. ఎత్తు అయిదంగుళాలే, ఇరవై అడుగుల పొడవు. కంటికి కనపడదు. నీళ్లకి కనపడుతుంది.

బావ చాలాసేపు మాట్లాడలేదు. "వరండా నా ఐడియానే" అన్నాడు చివరికి.

రెండో ప్రయత్నం మొత్తం నాన్న చేతిలో పెట్టాం. ఆయన మొదట చేసిన పని ఏమీ చేయకపోవడం. "పదును రానీయండి" అన్నాడు. రేగడి తడిగా ఉన్నప్పుడు తొక్కితే ఇటుకలా బిగుస్తుంది, పూర్తిగా ఎండితే పార దిగదు. ఆ రెంటికీ మధ్య ఉండే నాలుగైదు రోజులే పదును. రోజూ పొద్దున మట్టిని ఉండ చేసి, ఛాతీ ఎత్తు నుంచి వదిలేవాడు. అప్పడంలా అతుక్కుంటే ఇంకా ఆగాలి. పగిలి విడిపోతే మొదలుపెట్టొచ్చు. బావ మధ్యలో కాలనీ సంఘానికి ఉత్తరం రాసి గడువు పెంచుకున్నాడు.

ఈలోగా కొలతలు. నేను ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచాను. నాన్న దాన్ని ఓసారి చూసి, మేస్త్రిలు వాడే సన్న గొట్టం కావాలన్నాడు. హోమ్ డిపోలో 50 అడుగుల పారదర్శక ట్యూబు కొన్నాం. నీళ్లు నింపి, బుడగల్లేకుండా చూసి, ఆ చివర నేను ఈ చివర ఆయన. ట్యూబులో నీళ్లు రెండు చివర్లా ఒకే ఎత్తులో ఆగుతాయి కాబట్టి, నేల నుంచి ఆ గీతకి ఎంతో కొలిస్తే రెండు చోట్లకీ తేడా తెలిసిపోతుంది.

లెక్క చెప్తా, పనికొస్తుంది. అమెరికాలో ఇళ్ల నిర్మాణ నిబంధనల ప్రకారం పునాది నుంచి మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు కిందికి వాలాలి. అంటే 5 శాతం. అక్కడి నుంచి స్వేల్‌లో నీళ్లు నిలవకుండా పోవాలంటే 2 శాతం వాలు ఉంటే మంచిది. మా వెనక మూల నుంచి వీధి దాకా స్వేల్ పొడవు 110 అడుగులు. 2 శాతం అంటే 26 అంగుళాలు కావాలి. ట్యూబుతో మూడు దఫాలుగా కొలిస్తే మాకు ఉన్నది 29. మూడంగుళాలు మిగులు. అది 20 అయి ఉంటే భూమిలో పైపులు వేసుకోవాల్సి వచ్చేది, ఖర్చు వేలల్లోకి పోయేది.

ఆ కొలతల మధ్యలో, ఇద్దరమే ఉన్నాం కదా అని, నోరు విప్పాను. "నాన్నా, మన పొలం సంగతి... ఇంకెన్నాళ్లు చేస్తావు? రేటు బాగుందంటున్నారు."

ట్యూబు అవతలి చివర నుంచి కాసేపు జవాబు లేదు.

"ఆ కొస కాస్త పైకెత్తు. నీళ్లు కారిపోతన్నయ్" అన్నాడు.

ఎత్తాను. అంతే ఆ సంభాషణ.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి. ఉచితం. రెండు పనిదినాల ముందు చెప్తే వచ్చి, భూమిలో ఏ లైను ఎక్కడుందో రంగు జెండాలు గుచ్చి పోతారు. నీళ్లకి నీలం, గ్యాస్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు, కేబుళ్లకి నారింజ, మురుగుకి ఆకుపచ్చ. "ఎలక్షన్లా?" అంది అమ్మ కిటికీలోంచి చూసి. మన హైదరాబాద్‌లో ఇలాంటి నంబరొకటి ఉంటే మా గేటు ముందు ఇంటర్నెట్ నెలకోసారి పోదని నా బాధ.

చిన్న ట్రాక్టరుతో ఒక పెద్దాయన వచ్చాడు. మెక్సికో నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డాడు, వయసు నాన్నంత ఉంటుంది. ఆయనకి తెలుగు రాదు, నాన్నకి స్పానిష్ రాదు, ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంత మాత్రం. పెద్దాయన మూడు కాళ్ల స్టాండు మీద లేజర్ పెట్టి కొలిచాడు. మేం పుల్లలు పాతి దారం కట్టిన గీతకీ ఆయన లేజర్‌కీ తేడా పావంగుళం. ఆయన నాన్న ట్యూబు చేతిలోకి తీసుకుని చూసి, తల ఊపి, లేజర్ కట్టేసి పెట్టెలో పెట్టేశాడు. ఆ తర్వాత రోజంతా మా దారమే.

అన్నీ నాన్నకే తెలుసనుకోకండి. నీళ్లు దూరంగా పోతాయని బావ గోడకి ఆనించి మట్టి ఎత్తుగా పోయించాడు, నాన్న కూడా బాగుందన్నాడు. ట్రాక్టర్ పెద్దాయన పరిగెత్తుకొచ్చి ఆపాడు. ఇటుక గోడ అడుగున అక్కడక్కడా చిన్న సందులున్నాయి. గోడలోకి దిగిన తేమ బయటికి రావడానికి వదిలిన దారులవి. మట్టి వాటిని మూసేస్తే నీళ్లు గోడలోనే కూర్చుంటాయి, చెదలూ పడతాయి. మట్టి వాటికి కనీసం నాలుగంగుళాలు కింద ఉండాలని వేళ్లు చూపించాడు. మొత్తం లాగేశారు. వాలు అనేది గోడ దగ్గర పోయడంతో కాదు, దూరంగా తీయడంతో రావాలి.

ఇంకో గొడవ మన ఊళ్లలో లాంటిదే. స్వేల్‌ని కంచె కింద నుంచి పక్కింటి వైపు తిప్పేస్తే పని సగంలో అయిపోయేది. కానీ టెక్సస్ చట్టం ప్రకారం వాన నీళ్లని మళ్లించి పక్కవాడి ఆస్తికి నష్టం చేయకూడదు. "గట్టు తగాదా ఎక్కడైనా గట్టు తగాదానే" అన్నాడు నాన్న, మన నీళ్లు మన వీధిలోకే పోవాలని తేల్చేస్తూ.

జూన్ రెండో వారం. అదే హైడ్రోమల్చ్ ట్రక్కు. ఈసారి పెద్దమనిషితనంగా 900కే కొడతానన్నారు. గ్రేడింగ్‌కి 1,800 అయింది. మొత్తం కలిపినా గడ్డి చాపల కంటే తక్కువే, కానీ మొదట్లో అనుకున్నదానికి మూడింతల పైన.

ట్యాంకు దగ్గర నిలబడి చూశాను. నీళ్లు తిరుగుతుంటే ముందు కలప పీచు బేళ్లు విప్పి వేశారు. తర్వాత 7 కిలోల చిల్లర గరిక విత్తనం. ఎంత సన్నగా ఉంటుందంటే పౌనుకి సుమారు 20 లక్షల గింజలు. ఆఖర్న ఒక తెల్లటి పొడి. ఇదేమిటని అడిగితే ట్రక్కు కుర్రాడు "గ్వార్ గమ్" అన్నాడు. పీచునీ విత్తనాన్నీ నేలకి అంటించే జిగురు.

గ్వార్ అంటే గోరుచిక్కుడు! ప్రపంచంలో దీన్ని ఎక్కువగా పండించేది మన దేశమే, అందులోనూ రాజస్థాన్. కొన్నిచోట్ల ఇసబ్‌గోల్ కూడా ఇదే పనికి వాడతారట. రాజస్థాన్ గోరుచిక్కుడు జిగురు, పల్నాడు కలుపు మొక్క, నల్లరేగడి నేల. ఇందులో అమెరికాది ఏముందని నాన్న అడిగాడు. "ట్రక్కు" అన్నాను. "బిల్లు" అన్నాడు బావ.

ఈసారి రెండు మార్పులు. నేల పైన నాలుగంగుళాలు వదులు చేసి, చిన్న చిన్న గడ్డలు అలాగే ఉంచారు. మిరప నారుమడిలా పొడి చేయాలని నాన్న పట్టుబట్టాడు కానీ ట్రాక్టర్ పెద్దాయన ఒప్పుకోలేదు. ఆ గోళీకాయలంత గడ్డల మధ్యే పీచు పట్టు దొరికించుకుంటుందట. రెండోది నాన్న గెలిచాడు. నీళ్లు జోరుగా పారే స్వేల్ అడుగున ఎంత జిగురు కొట్టినా ఆగదు, అక్కడ మాత్రం గడ్డి చాపలు పరవాలన్నాడు. మన కాలవ గట్ల మీద గరికని పీకకుండా ఎందుకు వదిలేస్తారో అందుకే. 110 అడుగుల పొడవునా ఒక వరస చాపలు పరిచాం. మిగతా పెరడుని ఎదురెదురు దిక్కుల నుంచి రెండుసార్లు కొట్టారు, గడ్డల వెనక నీడలు మిగలకుండా.

తర్వాత మూడు వారాలు పెరట్లో ఎవరూ కాలు పెట్టకూడదు. ఇది నాన్నకి జైలు శిక్ష. మొదటి రెండు వారాలు పైపొర ఆరకూడదు కాబట్టి రోజుకి నాలుగుసార్లు, ఏడేసి నిమిషాలు. ఎక్కువసేపు ఒకేసారి పెడితే రేగడి తాగదు, పారుతుంది. ఇక్కడ చాలా ఊళ్లలో వారానికి ఇన్ని రోజులే గడ్డికి నీళ్లు పెట్టాలని నియమం ఉంటుంది, కొత్త లాన్‌కి మినహాయింపు అడిగి తీసుకోవాలి. నేను స్ప్రింక్లర్లకి ఫోన్‌లో టైమర్ సెట్ చేశాను. నాన్న దాన్ని నమ్మలేదు. రోజూ పొద్దున ఐదున్నరకి వరండా అంచున గొంతుక్కూర్చుని, చేయి చాచి అందినంత మేర మట్టి ముట్టుకుని చూసేవాడు. ఎనిమిదో రోజు నన్ను లేపాడు. నిద్రమొహంతో వెళ్లి, ఆయన చెప్పినట్టు చెంప నేలకి ఆనించి అడ్డంగా చూశాను. సూదుల్లాంటి పోచలు, వేలకి వేలు.

పన్నెండో రోజు తుంగ మొలిచింది. అచ్చం మన తుంగే. దాటి వెళ్లి పీకకూడదు, తొక్కితే మొలకలు పోతాయి. నాన్న వరండాలో అటూ ఇటూ తిరిగి, చివరికి బావ గోల్ఫ్ కర్రకి తాడు ముడేసి ఏదో ప్రయత్నం చేశాడు. దాని గురించి అల్లుడుగారికి నేను చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటాడు.

జూన్ ఆఖర్న పెద్ద వాన పడింది. రాత్రి పదకొండున్నరకి అందరం, చంటిదాన్ని ఎత్తుకుని అమ్మ కూడా, వెనక తలుపు అద్దం దగ్గర నిలబడ్డాం. బావ టార్చి వేశాడు. వెనక నుంచి వచ్చిన నీళ్లు స్వేల్‌లోకి దిగి, తిరిగి, ఇంటి పక్కగా, ఏసీ యూనిట్ దాటి, గేటు కింద నుంచి వీధి వైపు పోతున్నాయి. వరండా అంచు తడిసింది, అంతే.

"పోతన్నయ్" అన్నాడు నాన్న. వెళ్లి పడుకున్నాడు.

ఒక మాట చెప్పాలి. ఇంత చేశాక కూడా, తాగే నీళ్లు పోసి పెరడంతా గడ్డి పెంచడం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. బఫెలో గ్రాస్ అని ఈ నేలదే ఒక గడ్డి ఉంది, తక్కువ నీళ్లతో బతుకుతుంది. బావకి చెప్పాను. పిల్లలు క్రికెట్ ఆడతారు, తొక్కుడికి గరికే తట్టుకుంటుందన్నాడు. అందులోనూ నిజముంది. మొలిచాక మాత్రం గరికకి రోజూ నీళ్లు అక్కర్లేదు. వారానికోసారి లోతుగా తడిపితే వేళ్లు కిందికి పోతాయి. చలికాలంలో మొత్తం గోధుమరంగులోకి మారి నిద్రపోతుంది, చచ్చిపోయిందని కంగారుపడి మళ్లీ కొట్టించవద్దని అక్కకి నాలుగుసార్లు చెప్పి వచ్చాను.

జూలై మొదట్లో మొదటిసారి మిషన్ పెట్టి కోశారు. తోసింది నాన్నే. నెలాఖరుకి నేను వచ్చేశాను. ఆగస్టులో అమ్మా నాన్నా వచ్చేశారు.

వినాయక చవితి రోజు అక్క వీడియో కాల్ చేసింది. పెద్దాడు పెరట్లో కూర్చుని పూజకి గరిక కోస్తున్నాడు. నేను నాన్నని కూడా కలిపాను. ఆయన వెనక పత్తి చేను, మధ్యలో ఆరుగురు కూలీలు వంగి కలుపు తీస్తున్నారు.

"పండగ పూట పొలంలో ఏం చేస్తున్నావు నాన్నా? కౌలుకి ఇచ్చావుగా?" అంది అక్క.

"ఇచ్చా. ఆ కుర్రాడికి చేతకావట్లేదు, చూసిపోదామని వచ్చా" అన్నాడు. ఫోన్ తిప్పి, గట్టు మీద కుప్ప పోసిన గరిక చూపించాడు. మోకాలెత్తు ఉంది. "అల్లుడుగారికి చెప్పు. పార్శిల్ చేయమంటే చేస్తా."

అక్క నన్ను చూసింది, నేను అక్కని చూశాను. రేటు సంగతి ఇద్దరం ఎత్తలేదు. నాన్న అప్పటికే ఫోన్ గట్టు మీద పెట్టేశాడు. తెర మీద ఆకాశం మాత్రమే కనిపిస్తోంది, పక్క నుంచి ఎవర్నో "ఆ వేరు వదలకండి, మళ్లీ లేస్తది" అని కేకలేస్తున్నాడు.